కోచ్ అన్నది, నెవ్ చెప్పింది

పోయిన వారం మనం నెవ్ పానక్‌ని వాళ్ళ వంటగదిలో వదిలేసి వచ్చాం. కట్టు కట్టిన మోకాలు ఒక కుర్చీ మీద, మిగతా మనిషి ఇంకో కుర్చీ మీద, చెప్పాల్సిన మాట గొంతులో అడ్డంగా. మనకి వారం గడిచింది గాని, పాపం అతనికి ఒక్క రాత్రే గడిచింది. బుధవారం సాయంత్రం కోచ్ కొలిన్ ట్రెవాస్కిస్ ఆ వంటగదిలోకి వచ్చి, పోసిన టీ కూడా ముట్టకుండా, "రేపు ఆరింటికి జట్టు కాగితం అంటిస్తున్నా. అందులో హీత్ షిల్లింగ్ పేరు ఉండదు. కెప్టెనూ లేదు, గిప్టెనూ లేదు. కుర్రాళ్ళని నా మీదకి ఎగదోస్తున్నది వాడే" అని చెప్పి విసురుగా వెళ్ళిపోయాడు. కాదని చెప్పడానికి నెవ్ నోరు తెరిచాడు. ఆకలేసిందనుకుని వాళ్ళావిడ అందులో బిస్కెట్ పెట్టింది. అక్కడ ఆగింది మన కథ.

ఈ వారమే బండెక్కిన పాఠకులకి రెండు ముక్కలు. విర్రాబీన్ గోధుమ చేల మధ్య ఊరు. ధాన్యం నిలవచేసే నాలుగు సైలోలు, రెండు చర్చిలు, ఒక పబ్బు, ఒక ఫుటీ జట్టు. ఫుటీ అంటే బంతిని చేత్తో పట్టి కాలితో తన్నే అక్కడి ఫుట్‌బాల్. జట్టు పేరు గలాలు. అంటే పొద్దున్నే కరెంటు తీగల మీద బారులు తీరి లోకాన్ని తిట్టిపోసే గులాబీ రొమ్ము చిలకలు. ఏప్రిల్‌లో సీజన్ మొదలవగానే ఈ గలాలు వరసగా ఎనిమిది ఆటలు గెలిచి గలగలలాడాయి. విర్రాబీన్ విర్రవీగింది. ఆ తర్వాత వరసగా ఐదు ఓడి విలవిలలాడుతున్నాయి. మైదానంలో గోల్స్ తగ్గాయి, పబ్బులో గోల పెరిగింది.

ఎందుకు ఓడుతున్నారన్న దాని మీద ఊళ్ళో గ్లాసుకొక సిద్ధాంతం. ఫారం పనుల వల్ల ఫామ్ పోయిందన్నారు కొందరు. విత్తనాల రోజుల్లో ట్రాక్టరు మీద పదహారు గంటలు కూర్చున్నవాడు శనివారం ఏం పరిగెడతాడని వాళ్ళ వాదన. కానీ విత్తనాలు మే నెలలోనే అయిపోయాయి, ఓటములు మాత్రం ఇంకా మొలకెత్తుతూనే ఉన్నాయి. కొత్త జెర్సీలు చంకల దగ్గర బిగుతన్నారు. క్లబ్బులో మాంసం పైలు వేడిచేసే పెట్టె చెడిపోయిన నాటి నుంచే దరిద్రం పట్టుకుందన్నాడు ఒక పెద్దాయన. పెట్టె బాగుచేయించారు. ఆ వారం డెబ్బై పాయింట్ల తేడాతో ఓడారు. పైలు మాత్రం అద్భుతంగా వేడెక్కాయి.

అసలు కారణం ఊరు మొత్తానికి ఒక్కడికే తెలుసు. ఆ ఒక్కడూ గురువారం మధ్యాహ్నం మూడింటికి, చేతికర్ర ఊనుకుంటూ, కొలిన్ టైర్ల షాపు వైపు రోడ్డు దాటుతున్నాడు.

నెవ్‌కి యాభై ఏడు. ముప్పై ఏళ్ళుగా చుట్టుపక్కల ఫారాలకి ఉత్తరాలు పంచే పోస్టు బండి అతనిదే. శనివారాలు మాత్రం ఉత్తరాల బదులు మాటలు మోసేవాడు. ఆట నడుస్తుండగా కోచ్ మైదానంలోకి దిగకూడదు. గట్టు మీద రేకుల గదిలో నిలబడి చూస్తూ ఉండాలి. ఆయన మాటని ఆటగాడి చెవి దాకా పరుగెత్తి చేర్చేవాడు రన్నర్. విర్రాబీన్ రన్నర్‌గా నెవ్ పన్నెండేళ్ళు పరిగెత్తాడు. ఎనిమిదో ఆటలో మోకాలు తిరగబడి కూలబడ్డాడు. తొమ్మిదో ఆట నుంచి జట్టు కూలబడింది. ఈ రెండు సంగతుల్నీ పక్కపక్కన పెట్టి చూడాలని ఎవరికీ తోచలేదు. ఎవరైనా ఆటగాళ్ళని చూస్తారు, కోచ్‌ని చూస్తారు. మధ్యలో పరిగెత్తే బట్టతలని ఎవడు చూస్తాడు?

షాపులో కొలిన్ మనిషెత్తు ట్రాక్టరు టైరుకి గాలి కొడుతున్నాడు. పొట్టి మనిషి, గట్టి మనిషి. గొంతు మాత్రం రెండు సైజులు పెద్దది. ట్రెవాస్కిస్ కస్సుమంటే అవతలి గట్టు మీద కార్ల అద్దాలు అదురుతాయని ఊళ్ళో చెప్పుకుంటారు. కోచ్ అంటే కోసేవాడని అతనికి ఎవరో చిన్నప్పుడే తప్పుగా నేర్పినట్టున్నారు.

"కుంటుకుంటూ వచ్చావేంట్రా, ఫోన్ చెయ్యొచ్చుగా!" అన్నాడు కొలిన్. "కూర్చో. ఆ టైరు మీద కాదు, అది పాస్టరుది, పంచరు."

నెవ్ తిరగేసిన డబ్బా మీద కూర్చున్నాడు. బడిలో ఒకే బెంచీ మీద మొదలైన స్నేహం. యాభై ఏళ్ళలో కొలిన్‌తో మాట్లాడ్డానికి అతను మాటలు వెతుక్కోవడం ఇదే మొదటిసారి.

"హీత్ పేరు కొట్టెయ్యకు."

"నిన్ననే అయిపోయింది ఆ సంగతి. మూడు వారాలుగా వాడు నా మొహం చూడట్లేదు. నేను మాట్లాడుతుంటే బూట్ల లేసులు కట్టుకుంటాడు. వాణ్ణి చూసి మిగతావాళ్ళూ అంతే. పద్దెనిమిది మంది, ముప్పై ఆరు బూట్లు, లేసులు కట్టుకోవడానికే సరిపోతోంది ప్రాక్టీసంతా!"

"హీత్ తప్పు కాదు రా. తప్పు నాది."

"నీదెలా అవుతుంది? నువ్వు మైదానంలోనే లేవుగా."

"లేను కాబట్టే."

కొలిన్ గాలి గొట్టం ఆపాడు. కంప్రెసర్ మాత్రం ఇంకా దడదడలాడుతోంది. నెవ్ ఒకసారి గుండెల నిండా గాలి పీల్చుకున్నాడు. పరిగెత్తకుండానే ఆయాసం వచ్చింది.

"నువ్వు చెప్పమన్నవి నేను వాళ్ళకి చెప్పలేదు కొలిన్."

"ఏవి?"

"అన్నీ."

కంప్రెసర్ ఆగిపోయింది.

"ఈ సీజన్ మొదటి ఆటలో డూగల్ సంగతి గుర్తుందా?" అన్నాడు నెవ్. డూగల్ అంటే జట్టులో అందరికన్నా పొడుగువాడు. ఆకాశంలోకి లేచిన బంతిని ముందు ముట్టుకోవడం వాడి పని. ఆటలో మొదటి పావు, ఆ మొదటి క్వార్టరంతా వాడు బంతినే కాదు, గాలిని కూడా సరిగా ముట్టుకోలేదు. "నువ్వేమన్నావు? 'వెళ్ళి ఆ కరెంటు స్తంభానికి చెప్పు, కదలకపోతే అక్కడే పాతేసి తీగలు లాగిస్తానని' అన్నావు."

"అన్నా. అదే చెప్పమన్నా."

"పరిగెత్తా. వంద మీటర్లు. సగం దూరానికి ఊపిరి పోయింది, ముప్పాతిక దూరానికి మతి పోయింది. ఒట్టు, నువ్వేమన్నావో మర్చిపోయాన్రా! ఎదురుగా వాడు. రెండు మీటర్ల మనిషి, బెదిరిపోయిన కళ్ళు. 'కోచ్ ఏమన్నాడు నెవ్?' అన్నాడు. ఏదో ఒకటి చెప్పాలి కదా. 'బాగా ఎగురుతున్నావన్నాడు. ఇంకో రెండడుగులు ముందుకొచ్చి ఎగరమన్నాడు' అన్నా."

"అలా నేను జన్మలో అనను."

"అనవు. నాకు తెలుసు. కానీ వాడు రెండడుగులు ముందుకొచ్చి, ముగ్గురి నెత్తుల మీంచి లేచి బంతి పట్టాడు. నువ్వు రేకుల గదిలో గంతులేశావు. 'చూశావా, తిడితేనే వీళ్ళు కదుల్తారు' అని నాకే చెప్పావు."

కొలిన్ నల్లని చేతుల్ని ఒక గుడ్డతో తుడుచుకున్నాడు. గుడ్డ చేతులకన్నా నల్లగా ఉంది.

"అంతకుముందు ఏళ్ళన్నీ నువ్వన్నది అన్నట్టే మోశా. ఆ రోజు తర్వాత మర్చిపోలేదు. కావాలనే చేశా. ఎవడు ఎక్కడ నిలబడాలి, ఎవణ్ణి కాపలా కాయాలి, గాలి ఎటు మళ్ళింది, అవన్నీ నీవే. ఒక్కటి మార్చలేదు. చుట్టూ ఉన్న ముళ్ళు మాత్రం దారిలో ఏరేసేవాణ్ణి. ఒక్కోసారి నీ మాటలో ముళ్ళు తప్ప పండు ఉండేది కాదు. అప్పుడు నేనే ఒక పండు పెట్టి ఇచ్చేవాణ్ణి."

ఇంటిపేరు పానక్ అయినందుకు మనిషి మిరియాల ఘాటుని బెల్లంలో కలిపి పంచాడన్నమాట, ఎనిమిది శనివారాలు.

"ముప్పై ఏళ్ళు ఉత్తరాలు పంచావు కదరా!" కొలిన్ గొంతు లేవడం మొదలుపెట్టింది. "అవి కూడా దారిలో దిద్దేవాడివా? కరెంటు బిల్లు తీసి పెళ్ళి శుభలేఖ పెట్టేవాడివా?"

"కవర్లు అంటించి ఉంటాయి కొలిన్. నీ నోరే, అంటించి ఉండదు."

"ఆ ఎనిమిది ఆటల్లో ఒక్కటంటే ఒక్కటైనా నేనన్నది అన్నట్టు చెప్పావా?"

నెవ్ నిజాయితీగా ఆలోచించాడు. "ఒకటి చెప్పా. స్కోర్‌బోర్డు వైపు కుందేలు బొరియ ఉంది, చూసుకు పరిగెత్తమన్నావు. అది అందరికీ చెప్పా."

"ఆ బొరియలోనే కదరా నువ్వు పడింది!"

ఒక్క క్షణం ఇద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. కొలిన్‌కి నవ్వొచ్చింది. ఆపుకోబోయాడు, ఆగలేదు. నెవ్‌కీ వచ్చింది. కట్టు కట్టిన మోకాలు కదిలి, నవ్వుతూనే అబ్బా అన్నాడు. పక్క బేకరీలోంచి ఒకావిడ తొంగిచూసి, ఐదు ఓటముల తర్వాత కోచ్ ఇలా నవ్వుతున్నాడంటే పిచ్చెక్కిందని ఖాయం చేసుకుని తల లోపలికి తీసుకుంది.

నవ్వు ముందు ఆగింది కొలిన్‌కే.

"అయితే ఈ ఐదు ఆటల్లో వాళ్ళు వింటున్నది..."

"నిన్నే. అక్షరం పొల్లు పోకుండా."

ఎందుకంటే నెవ్ పడ్డాక కమిటీ ఊరంతా వెతికి, అందరికన్నా నమ్మకమైన మనిషిని రన్నర్‌గా పెట్టింది. గ్లెనిస్ హారప్, బడి హెడ్మిస్ట్రెస్. నలభై ఆరేళ్ళ వయసులో రోజూ పొద్దున్నే పది కిలోమీటర్లు పరిగెత్తే మనిషి. అటెండెన్స్ పట్టీ చూడకుండా అప్పజెప్పగలదు. ఆవిడకి వంద మీటర్లు ఒక లెక్క కాదు, ఊపిరి పోదు, మతి అసలే పోదు. ఎవరో చెప్పిన మాటని మార్చి చెప్పడం ఆవిడ బళ్ళో నేరం. కాబట్టి డూగల్ ఎదురుగా వెళ్ళి, చేతులు వెనక్కి కట్టుకుని, "డూగల్, కోచ్ గారు ఇలా చెప్పమన్నారు. 'ఒరేయ్ కరెంటు స్తంభమా, నిన్ను ఇక్కడే పాతేస్తా.' అంతే. ఇక ఆడుకో" అని చెప్పి, చక్కగా వెనక్కి పరిగెత్తుకొచ్చింది. ఆ రోజు గట్టు మీద తన యూట్‌లో, వెనక సామాను తొట్టి ఉన్న బండిలో కూర్చుని నెవ్ ఇదంతా చూశాడు, మాటలు తర్వాత కుర్రాళ్ళ నోట విన్నాడు. డూగల్ బంతి వదిలేసి, అలవాటు కొద్దీ చెయ్యెత్తి, "మిస్, నిజంగా అలాగే అన్నారా?" అని అడగడం కూడా చూశాడు.

"నీకెప్పుడైనా అబద్ధం చెప్పానా డూగల్?" అంది గ్లెనిస్.

ఆ పద్దెనిమిది మందిలో పన్నెండు మందికి ఏబీసీలు దిద్దించింది ఆవిడే. పక్క ఊరివాడు తిడితే తిరిగి తిట్టొచ్చు. కోచ్ గట్టు మీంచి అరిస్తే గాలికి పోయిందనుకోవచ్చు. కానీ ఒకటో తరగతి మిస్ ఎదురుగా నిలబడి, గొంతు పెంచకుండా, స్పష్టంగా, నువ్వు స్తంభానివి అని చెబితే? అది తిట్టు కాదు, మార్కుల కాగితం. ఇంటికి తీసుకెళ్ళి అమ్మ సంతకం పెట్టించుకోవాల్సిన సంగతి.

"పాపం, ఆవిడ తప్పేం లేదు" అన్నాడు నెవ్. "అప్పజెప్పిన పని ఒక్క తప్పు లేకుండా చేస్తోంది."

కొలిన్ టైరుకి ఆనుకుని, అలాగే కిందికి జారి, నేల మీద కూర్చున్నాడు.

"ఆ ఎనిమిది వారాలూ నాకు ఎలా ఉండేదో తెలుసా?" అన్నాడు. గొంతు ఇప్పుడు అతని ఒంటికి సరిపోయే సైజుకి వచ్చింది. "ఆట అయ్యాక కుర్రాళ్ళు నా దగ్గరికి వచ్చేవాళ్ళు. చెయ్యి కలిపేవాళ్ళు. డూగల్ ఒకసారి కావలించుకున్నాడు, నా మొహం వాడి కడుపు దగ్గరికి వచ్చింది. ఇరవై ఏళ్ళు ఆడా, పన్నెండేళ్ళు కోచింగ్ చేశా, ఎవడూ నన్ను కావలించుకోలేదు నెవ్. పోనీలే, వయసొచ్చింది, మంచివాణ్ణయ్యా కాబోలు అనుకున్నా."

"వాళ్ళకి నువ్వంటే ఇష్టం రా."

"నేనంటే కాదు. నువ్వు చెప్పే నేనంటే."

వంద మీటర్ల దూరం ఉంటే నెవ్‌కి దీనికి ఏదో ఒక మాట దొరికేదేమో.

"మరి హీత్?" అన్నాడు కొలిన్. "వాడికి ఆవిడ ఏం చెప్పింది?"

"నువ్వన్నదే. 'షిల్లింగు నాణేలు ఎప్పుడో చెల్లకుండా పోయాయి, నీ సంగతీ అంతే. బంతిని పసిపిల్లని పట్టుకున్నట్టు పట్టుకుంటున్నావు, ఇంటికెళ్ళి జోల పాడుకో' అన్నావు. పదో ఆట, మూడో క్వార్టరు."

కొలిన్ కళ్ళు గోడ మీదకి వెళ్ళాయి. టైర్ల కంపెనీ క్యాలెండరు పక్కన చిన్న ఫొటో ఒకటి అంటించి ఉంది. గాజు పెట్టెలో అరచెయ్యంత పసిపిల్ల. పేరు ఎల్సీ. హీత్ కూతురు. నెలలు నిండకుండా పుట్టి, మొండిగా బతికిన పిల్ల. ఆ పిల్లకే ఈ ఆదివారం బాప్తిస్మం. దానికి జ్ఞానతండ్రిగా, అంటే పిల్ల బాధ్యత తీసుకునే రెండో తండ్రిగా నిలబడమని మే నెలలో హీత్ స్వయంగా ఈ షాపుకొచ్చి, టోపీ తీసి, కొలిన్‌ని అడిగాడు. మూడు వారాలుగా మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

"వాడు గోతులు తవ్వట్లేదన్నమాట" అన్నాడు కొలిన్.

"వాడు నువ్వు మారిపోయావనుకుంటున్నాడు."

"నేనేం మారలేదు!"

"అదే కదరా వచ్చిన చిక్కు."

బయట గోధుమ లారీ ఒకటి వెళ్ళింది. రేకుల గోడలు కాసేపు వణికాయి.

"ఆరో ఆట సంగతి నువ్వు చెప్పలేదు" అన్నాడు కొలిన్, ఫొటో మీంచి చూపు తిప్పకుండా.

నెవ్ కర్రని ఆ చేతి నుంచి ఈ చేతికి మార్చుకున్నాడు. అది చెప్పకూడదనే వచ్చాడు. ఆరో ఆట రోజున హీత్ భార్య టీగన్ ఆస్పత్రిలో ఉంది. ఏడో నెల, రక్తపోటు. ఆడమన్నది టీగనే. రెండో క్వార్టర్లో హీత్ కాళ్ళ దగ్గర పడ్డ బంతి కూడా కనపడనట్టు తిరుగుతుంటే, కొలిన్ రేకుల గదిలోంచి ఒక మాట పంపాడు. నెవ్ మోసుకెళ్ళాడు. హీత్ ఆ మాట విని, జెర్సీ విప్పకుండా, బూట్లు మార్చకుండా కారెక్కి వెళ్ళిపోయాడు. గంటలో పిల్ల పుట్టింది. టీగన్ చెయ్యి పట్టుకుని అతను పక్కనే ఉన్నాడు.

"నేనన్నది నాకు గుర్తుంది నెవ్. 'మనసు ఆస్పత్రిలో ఉంటే ఒంటిని కూడా అక్కడికే తగలెయ్యమను, సగం మనిషి నాకు అక్కర్లేదు' అన్నా. నువ్వేం చెప్పావు?"

"'ఆట ఎక్కడికీ పోదు, ముందు టీగన్ దగ్గరికి వెళ్ళమంటున్నాడు కోచ్' అన్నా."

"అనుకున్నా. వాడు కారెక్కుతుంటే నేను నోరు తెరుచుకుని చూశా. ఆట అయ్యాక ఊరంతా నా వీపు తట్టింది. పాస్టరు చెయ్యి వదల్లేదు. ఆటకన్నా మనిషి గొప్పవాడని చూపించావు కొలిన్, అన్నాడు. 'అబ్బే, నేను తిట్టానండీ' అని చెప్పొచ్చు. అరనిమిషం పని." అతను మోకాళ్ళ మధ్య చేతులు వేలాడేసుకున్నాడు. "చెప్పలేదు. బాగుంది రా, అలా అనిపించుకోవడం. హీత్ వచ్చి జ్ఞానతండ్రిగా ఉండమని అడిగినప్పుడు కూడా చెప్పలేదు. ఏడుపొచ్చి వెనక్కి తిరిగి, ఊరికే ఒక నట్టు బిగించా. నువ్వు వాళ్ళకి అబద్ధం చెప్పావు సరే, నిజం తెలిసీ దాన్ని తొడుక్కుని తిరిగింది నేను."

నెవ్ కర్ర మీద బరువు మోపి లేచాడు. "నేను వెళ్ళి హీత్‌కి చెప్తా. అంతా నా తెలివితక్కువ పని అని..."

"వద్దు." కొలిన్ కూడా లేచాడు. జేబులోంచి జట్టు కాగితం తీసి, మడత విప్పి చూశాడు. కెప్టెన్ అని రాసి ఉన్న చోట ఎదురుగా ఖాళీ. మళ్ళీ మడిచి పెట్టుకున్నాడు. "నువ్వు చెప్తే మళ్ళీ బెల్లం కలుపుతావు. ఇది నేనే మోసుకెళ్తా."

అక్కడ చలికాలం కాబట్టి అయిదింటికే మైదానంలో దీపాలు వెలిగాయి. గడ్డి మీద తడి మెరుస్తోంది. కుర్రాళ్ళ నోళ్ళలోంచి ఆవిర్లు. దెబ్బ తగిలింది ఎడమ మోకాలికే కాబట్టి నెవ్ యూట్ నడుపుకుంటూ వచ్చి, గట్టు మీద తన మామూలు చోట ఆపాడు. అద్దం సగం దించాడు, ఏమైనా వినపడుతుందేమోనని. వినపడ్డది గలాల అరుపులే. అసలు గలాలు, తీగల మీదవి.

కొలిన్ గేటు దగ్గర నిలబడ్డాడు. గ్లెనిస్ ఈల మెడలో వేసుకుని, సిద్ధంగా దగ్గరికొచ్చింది.

"ఎవరికైనా ఏమైనా చెప్పాలా కోచ్?"

"చెప్పాలి గ్లెనిస్. కానీ నువ్వు కాదు."

"నా వల్ల ఏమైనా పొరపాటు జరిగిందా?" పొరపాటు అన్న మాట తన గురించి ఆవిడ జీవితంలో ఎన్నిసార్లు అని ఉంటుంది?

"ఒక్కటి కూడా లేదు. అంత బాగా ఎవరూ చెయ్యలేరు" అన్నాడు కొలిన్. అది నిజమే కాబట్టి నెవ్ సాయం అక్కర్లేకపోయింది.

అవతలి గోలు స్తంభాల దగ్గర హీత్ ఒక్కడే బంతి తన్నుకుంటున్నాడు. కొలిన్ గడ్డి మీద అడుగుపెట్టాడు. నడక మొదలుపెట్టాడు. ఒక్కొక్కడూ ఆగి చూడసాగారు. డూగల్ పట్టిన బంతి పట్టినట్టే ఉంచేశాడు. తిట్టడానికి కోచ్ ఎప్పుడూ ఇంత దూరం రాడు. తిట్టు తనంతట తానే చేరేది.

నెవ్ అద్దం పూర్తిగా దించాడు. అంత దూరంలో రెండు బొమ్మలు ఎదురెదురుగా. ఒకటి పొట్టిది, టోపీ తీసింది. మళ్ళీ పెట్టుకుంది. ఒక చెయ్యి పైకి లేచి, దారి తప్పినట్టు జేబులోకి వెళ్ళింది. పన్నెండేళ్ళలో మొదటిసారి కొలిన్ నుంచి ఒక ఆటగాడికి మాట వెళుతోంది, అదేమిటో నెవ్‌కి తెలియదు. ఒంట్లో ఏదో అవయవం తీసేసినట్టుంది.

అంతలో పొడుగు బొమ్మ బంతి వదిలేసి నడక మొదలుపెట్టింది. క్లబ్బు వైపు కాదు. తన కారు వైపూ కాదు. నేరుగా యూట్ వైపు.

హీత్ అవతలి తలుపు తీసి, ముందు సీట్లో కూర్చుని, తలుపు వేసుకున్నాడు. ఇరవై ఏడేళ్ళవాడు. కళ్ళ కింద, రాత్రుళ్ళు పసిపిల్ల ఏడిస్తే వచ్చే నలుపు.

"ఏమన్నాడు?" అన్నాడు నెవ్.

"ఏమీ అనలేదు. అంత దూరం వచ్చాడు. నోరు తెరిచాడు, మూశాడు. మొహం చూస్తే ఏడుస్తాడేమోనని భయమేసింది. ఆఖరికి, 'ఆరో ఆట రోజు నేనేమన్నానో నెవ్‌ని అడుగు, ఉన్నదున్నట్టు చెప్పమన్నానని చెప్పు' అన్నాడు." హీత్ అతని వైపు తిరిగాడు. "ఆరో ఆట రోజు ఏమన్నాడో నాకు తెలుసుగా నెవ్. నువ్వేగా చెప్పావు. ఇంకా ఏం అడగాలి నేను?"

కొలిన్ చివరికి తన మాటని మళ్ళీ రన్నర్ చేతికే ఇచ్చాడు. కాకపోతే ఈసారి ముళ్ళతో సహా.

నెవ్ పక్క అద్దం ఎత్తేసి స్టీరింగు పట్టుకున్నాడు. కోచ్ చెప్పమన్నాడు. చెప్పాడు. అన్నది అన్నట్టు. ఆస్పత్రి, ఒళ్ళు, తగలెయ్యడం, సగం మనిషి. ఒక్క మాట తగ్గించలేదు, ఒక్కటి కలపలేదు. కరెంటు స్తంభం దగ్గర మొదలుపెట్టి ఎనిమిది ఆటలూ చెప్పాడు. చెబుతున్నంతసేపూ హీత్ ఎదురుగా అద్దంలోంచి చూస్తూనే ఉన్నాడు. అద్దం మీద వాళ్ళ ఊపిరి ఆవిరి పట్టింది.

"అయితే ఆ రోజు నన్ను పంపింది నువ్వు."

"మాట వాడిదే, హీత్. వెళ్ళమనే అన్నాడు. ఎలా అనాలో తెలీదు వాడికి. ఎప్పుడూ తెలీదు."

"నువ్వు మళ్ళీ మొదలుపెట్టావు."

నెవ్ నోరు మూసుకున్నాడు.

హీత్ జెర్సీ చేతితో అద్దం మీది ఆవిరి తుడిచాడు. తుడిచిన చోట మైదానం కనపడింది. దాని మధ్యలో, టోపీ చేత్తో పట్టుకుని, దీపాల కింద, వెళ్ళాలో ఉండాలో తెలియని పొట్టి మనిషి.

"ఆదివారం పదకొండింటికి పాస్టరు నీళ్ళ దగ్గర నిలబడి, ఈ బిడ్డకి జ్ఞానతండ్రి ఎవరని అడుగుతాడు" అన్నాడు హీత్. "ఆ రోజు నేను టీగన్ పక్కన లేకపోతే ఏమయ్యేదో నాకు తలుచుకోవాలని లేదు. అందుకని ఆ మాటకి రుణపడి పిల్లని చేతుల్లో పెడదామనుకున్నా. ఇప్పుడు చెప్పు నెవ్. ఎవరు లేచి నిలబడాలి? మాట అన్నవాడా, చెప్పినవాడా?"

నెవ్‌కి జవాబు చెప్పే వ్యవధి లేదు. ఎందుకంటే సరిగ్గా అప్పుడే అద్దం అవతల ఆ పొట్టి మనిషి కదిలాడు. యూట్ వైపే వస్తున్నాడు. నాలుగడుగులు నడిచి, టోపీ గడ్డి మీద పడేసి, జీవితంలో ఎవరి కోసమూ పరిగెత్తని కొలిన్ ట్రెవాస్కిస్ పరుగు అందుకున్నాడు.